ఉదయగిరిలో 42 తట్టుకున్నా, ముత్తుకూరులో 35 తట్టుకోలేకపోతున్నా: ఎందుకు?

పాఠకురాలి ఉత్తరం: "మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర పల్లె. మా అబ్బాయికి కృష్ణపట్నం పోర్టు వైపు ఉద్యోగం. కోడలు కూడా పనికి పోతుంది, ఏడాదిన్నర మనవడిని చూసుకోవాలని ఈ వేసవికి ముందు నేనూ మా ఆయనా ముత్తుకూరు వచ్చేశాం. మా ఊళ్లో 42, 43 డిగ్రీల ఎండలో కూడా కూలర్ వేసుకుని మధ్యాహ్నం హాయిగా కునుకు తీసేదాన్ని. ఇక్కడ ఫోన్‌లో చూస్తే 35 అని ఉంటుంది, నాకేమో ప్రాణం పోతున్నట్టుంటుంది. చెమట ఆరదు, ఊపిరాడదు. ఊరి నుంచి కూలర్ తెప్పిస్తే ఇంకా అధ్వానం అయింది. మా ఆయన 'అక్కడికంటే ఏడు డిగ్రీలు తక్కువే కదా, అంతా నీ మనసులోనే ఉంది' అంటారు. ఆయనకు 63 ఏళ్లు, బీపీకి, షుగర్‌కి మాత్రలు వేసుకుంటారు. నాకు 54. నాకేమైనా జబ్బా? కూలర్ అమ్మేసి ఏసీ కొనాలా? లేకపోతే వానలు పడేదాకా ఊరెళ్లిపోవాలా? బాబుకి మెడ నిండా చెమటకాయలు కూడా వచ్చాయి."

అక్కా, ముందు ఈ సమాధానం బావగారికి చదివి వినిపించండి, ఎందుకంటే సగం ఆయన కోసమే రాస్తున్నా. మీ మనసులో ఏమీ లేదు. మీ ఒంటికి తెలుస్తున్నది నిజం, ఫోన్‌లో ఆ 35 అన్న అంకె ఒక్కటే చూసి వాదించడం తప్పు.

మే నెల మధ్యాహ్నం ఉదయగిరిలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకుందాం. అదే రోజు ముత్తుకూరులో 35 డిగ్రీలు, తేమ 65 శాతం. వేడినీ తేమనూ కలిపి ఒంటికి ఎంత అనిపిస్తుందో లెక్కగట్టే సూత్రం ఒకటుంది, అమెరికా వాతావరణ శాఖ వాడేది, ఫోన్లలో 'ఫీల్స్ లైక్' అని కనిపించే అంకె చాలావరకు ఇలాంటి లెక్కే. దాని ప్రకారం ఉదయగిరి 42 మనిషికి దాదాపు 44, 45లా ఉంటుంది. ముత్తుకూరు 35 మాత్రం 47 దాటుతుంది. అదీ నీడలో కూర్చుంటే. ఎండలోకి పోతే ఇంకా ఎక్కువ. అంటే బావగారు తక్కువ అంటున్న చోటే లెక్క ఎక్కువ వస్తోంది. మన వాతావరణ శాఖ కూడా అన్ని ఊళ్లకూ ఒకే గీత గీయలేదు: మైదాన ప్రాంతాల్లో ఎండ కనీసం 40 డిగ్రీలకు చేరితేనే వడగాడ్పు అనే మాట ఎత్తుతారు, సముద్ర తీరంలో అయితే 37 చాలు, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే. తీరంలో అంతకంటే తక్కువ వేడి కూడా మనిషిని పడగొట్టగలదు.

ఎందుకిలా అంటే, ఊరికే కూర్చున్నా మన ఒళ్లు గంటకు 80 నుంచి 100 కిలో కేలరీల దాకా వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోవాలి. చలికాలంలో చుట్టూ ఉన్న గాలే చల్లగా ఉంటుంది కాబట్టి దానంతట అదే పోతుంది. బయట 35 అయ్యేసరికి మన చర్మం కూడా దాదాపు అంతే వేడిగా ఉంటుంది, ఇక గాలిలోకి పోయే దారి మూసుకుపోయినట్టే. మిగిలింది ఒక్క చెమట. చెమట కూడా కారితే లాభం లేదు, ఆరాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి 580 కిలో కేలరీల వేడి పట్టుకుపోతుంది, అదే లీటరు చెమట మెడ మీంచి, వీపు మీంచి కారి చీరకు అంటుకుంటే పట్టుకుపోయేది దాదాపు ఏమీ ఉండదు. నీళ్లూ పోతాయి, ఉప్పూ పోతుంది, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ముత్తుకూరులో మీకు జరుగుతున్నది అచ్చంగా ఇదే.

ఇంకొంచెం లెక్క చెప్తా, బోరు అనిపిస్తే ఈ పేరా వదిలేయండి. చర్మం పక్కనుండే 35 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకు దాదాపు 40 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. ఇందాక అనుకున్న ఉదయగిరి గాలిలో అప్పటికే ఉన్నది 14 గ్రాములే, అంటే మీ చెమటకు ఇంకా 26 గ్రాముల చోటుంది. ముత్తుకూరు గాలిలో 25, 26 గ్రాములు నిండిపోయి ఉంది, మిగిలిన చోటు 14. చెమటను లాక్కునే సత్తా సగానికి పడిపోయింది. మీ ఇంట్లో నీళ్ల కుండను చూసినా తెలుస్తుంది, ఉదయగిరిలో పళ్లు జివ్వుమనేలా నీళ్లు చల్లబరిచిన కుండే ఇక్కడికి తెస్తే ఏదో కొద్దిగా చల్లగా ఇస్తుంది. కుండలో లోపమేమీ లేదు, దాని ఒంటి మీది చెమ్మ కూడా ఇక్కడ ఆరడం లేదు. మీరూ ఆ కుండలాగే ఉన్నారు.

ఫోన్‌లో తేమ శాతం చూసేటప్పుడు ఒక తిరకాసుంది. తెల్లవారుజామున 85 శాతం అని చూపిస్తుంది, మధ్యాహ్నం 55 అంటుంది, హమ్మయ్య తేమ తగ్గింది అనుకుంటాం. తగ్గలేదు. గాలి వేడెక్కితే ఇంకా ఎక్కువ ఆవిరిని మోయగలదు కాబట్టి శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, గాలిలో ఉన్న నీరు అటూ ఇటుగా అంతే. అందుకే శాతం కన్నా 'డ్యూ పాయింట్' అని ఇంకో అంకె ఉంటుంది, అది చూడండి. గాలిని చల్లబరుస్తూ పోతే ఎన్ని డిగ్రీల దగ్గర అందులోని ఆవిరి చెమ్మగా పట్టడం మొదలవుతుందో అదే ఆ అంకె. 24 దాటితే ఒళ్లు జిడ్డుజిడ్డుగా ఉంటుంది, 27 దగ్గరికి వస్తే మీరు రాసిన పరిస్థితి. ఇందాకటి ఉదయగిరి మధ్యాహ్నానికి అది 18 మాత్రమే. ఫోన్ నమ్మకపోతే స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, ఒక్కో ఐసు ముక్క వేసి తిప్పుతూ గ్లాసు బయట ఎప్పుడు చెమ్మ పడుతుందో చూడండి. ముత్తుకూరులో నీళ్లు కాస్త చల్లబడగానే గ్లాసు తడుస్తుంది, ఉదయగిరిలో చాలాసేపు పొడిగా ఉంటుంది. బావగారికి చూపించడానికి బాగుంటుంది.

ఒకే జిల్లాలో ఇంత తేడా ఎందుకంటే మీరు సముద్రం పక్కకొచ్చారు. దానికి తోడు చుట్టూ రొయ్యల గుంటలు, కాలవలు, వేసవిలో ఎడగారు వరి వేస్తే నీళ్లు పెట్టిన మళ్లు. ఇవన్నీ పగలంతా గాలిలోకి ఆవిరి పంపిస్తూనే ఉంటాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఎండ తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. ఆ గాలికి ఎదురుగా వసారాలో కూర్చున్నవాడికి స్వర్గం, అదే సమయంలో తలుపులన్నీ వేసుకుని లోపల పడుకున్నవాడికి నరకం. మీరు ఉదయగిరి అలవాటు ప్రకారం తొమ్మిదింటికే కిటికీలు మూసేస్తున్నారేమో అని నా అనుమానం. అక్కడ అది మంచి పద్ధతి, వేడిగాలి లోపలికి రాకూడదు. ఇక్కడ గాలి తిరిగేదాకా మూసినా ఫర్వాలేదు, తిరిగాక మాత్రం తూర్పు వైపు ఒకటి, దానికి ఎదురుగా ఇంకొకటి తీసి పెట్టండి. దోమలుంటే కిటికీలకు మెష్ కొట్టించండి. మంచానికి కట్టే దోమతెర కంటే అదే నయం, దోమతెర ఫ్యాను గాలిని బాగా ఆపేస్తుంది.

కొన్ని రోజులు మాత్రం లెక్క తారుమారవుతుంది. మే చివర, రోహిణి కార్తెలో, జూన్‌లో పడమటి గాలి గట్టిగా వీచే రోజుల్లో సముద్రపు గాలి లోపలికి రాలేదు, వచ్చినా సాయంత్రం ఎప్పుడో వస్తుంది. ఆ రోజుల్లో నెల్లూరు, కావలి, ఒంగోలు అన్నీ 40 దాటిపోతాయి, గాలి మాత్రం పొడిగా ఉంటుంది. అలాంటి రోజు ముత్తుకూరులో ఉన్నా ఉదయగిరిలో ఉన్నట్టే బతకండి, కిటికీలు మూసి, కూలర్‌లో నీళ్లు పోసి.

కాబట్టి కూలర్‌ను అమ్మకండి. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు వేయాలో మీకే తెలుస్తుంది. తడి గడ్డి మీంచి, లేదా ఆ అట్టల మీంచి గాలిని లాగి, అందులో నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. 42 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న గాలిని మంచి కూలర్ 29 దగ్గరికి దించుతుంది, అందుకే మీకు కునుకు పట్టింది. 35 డిగ్రీలు, 65 శాతం గాలిని మహా అయితే 30, 31కి దించగలదు, అదీ ఆవిరితో నింపేసి. ఆ గాలి ఒంటికి తగిలినప్పుడు ఓ పది నిమిషాలు చల్లగానే ఉంటుంది, గది మూసి ఉంటే ఆ తేమంతా లోపలే తిరుగుతూ అరగంటలో గది ఆవిరి కుడుముల గిన్నె అయిపోతుంది. ఇక్కడ చేయాల్సింది చాలా సులువు, పంపు స్విచ్ ఆపేసి వట్టి ఫ్యానుగా వాడండి, కిటికీ తెరిచి. కూలర్ ఫ్యాను పెద్దది, టేబుల్ ఫ్యాను కంటే గాలి ఎక్కువ ఇస్తుంది. తేమ 40 శాతం లోపు చూపిస్తే పంపు వేయండి, 60 దాటితే వేయొద్దు, మధ్యలో ఉంటే మీ ఒంటినే అడగండి. పంపు వాడని రోజుల్లో ట్యాంకులో నీళ్లు పారబోసి తుడిచి పెట్టండి, డెంగీ దోమ పుట్టేది అలాంటి నిల్వ నీటిలోనే.

ఫ్యాను గురించి చాలామంది "వేడిగాలే కొడుతోంది, దండగ" అంటారు. తేమ ఊళ్లో ఫ్యానే పెద్ద దిక్కు. చెమట పక్కనే పేరుకున్న తడి గాలిని అది తోసేస్తుంది, దాని జాగాలో ఇంకాస్త పొడి గాలి వస్తుంది, చెమట ఆరుతుంది. 40 డిగ్రీలు దాటితే మాత్రం ఫ్యాను మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అప్పుడు అది వేడిని ఒంటికి తెచ్చి కొట్టినట్టవుతుంది. ఎంత ఎండైనా సీలింగ్ ఫ్యాను ఐదులో పెట్టి పడుకుంటే చాలనుకోవడం పడమటి గాలి రోజుల్లో పనికిరాదు.

ఊరి నుంచి తెచ్చుకున్న మిగతా అలవాట్లు కూడా కొన్ని వదలాలి. కిటికీకి తడి దుప్పటి కట్టడం, వట్టివేళ్ల తడిక తడపడం, మధ్యాహ్నం నేల మీద నీళ్లు చల్లి తుడవడం, ఇవన్నీ పొడి గాలి ఉన్న చోట అద్భుతంగా పనిచేస్తాయి, ఇక్కడ గదిలోకి ఇంకాస్త ఆవిరి చేర్చడమే. వాన భయంతోనో స్థలం లేకో ఉతికిన బట్టలు హాల్లో ఆరేసే ఇళ్లు చాలా చూశాను, ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయనుకుంటున్నారు? వంట పొద్దున్నే ముగించి, వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను కుక్కర్ దించాక కూడా కాసేపు తిరగనివ్వండి. డాబా మీద నీళ్లు చల్లడం మాత్రం మానక్కర్లేదు. పొద్దు గూకాక కూడా స్లాబు గాలి కంటే చాలా వేడిగా ఉంటుంది, అంత వేడి మీద నీళ్లు తేమ ఊళ్లో కూడా ఆవిరవుతాయి, ఆ ఆవిరి బయటికే పోతుంది. అద్దె ఇల్లయినా ఇంటాయన ఒప్పుకుంటే డాబాకు తెల్ల సున్నమో కూల్ పెయింటో వేయించండి.

తేమతో సంబంధం లేకుండా పనిచేసేది ఒకటుంది, అది ఎవరూ చెప్పరు. బకెట్లో మామూలు నీళ్లు పోసుకుని పాదాలు, వీలైతే మోచేతుల దాకా చేతులు కూడా పావుగంట ముంచి కూర్చోండి. ఇక్కడ ఆవిరి కావడంతో పని లేదు, చర్మం కంటే చల్లగా ఉన్న నీళ్లు నేరుగా వేడిని లాగేస్తాయి. ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి సలసల మంటాయి కాబట్టి పొద్దున్నే పట్టి లోపల పెట్టుకోండి.

బట్టల విషయం మీకు నేను చెప్పక్కర్లేదు, వెంకటగిరి నూలు చీరో, పల్చటి నేత చీరో కట్టుకోండి, సిల్కూ పాలిస్టరూ పెళ్లిళ్లకే. తడిసిపోతే మార్చేయండి, తడి నూలు ఒంటికి అతుక్కుంటే గాలి తగలదు. ఫోము పరుపు వీపును ఉడకబెడుతుంది. నులక మంచమో నవారు మంచమో దొరికితే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది.

ఇక ఏసీ. కొనగలిగితే కొనండి, దాని గురించి మొహమాటపడకండి, ఇంట్లో పెద్దాయనా పసివాడూ ఉన్నప్పుడు అది షోకు కాదు. మన తీరంలో ఏసీ చేసే అసలు మేలు చల్లబరచడం కంటే గాలిలో నీటిని పిండేయడం. బయట పైపులోంచి బొట్లు బొట్లుగా కారే నీళ్లు మీ గదిలోని తేమే. ఒకే గదికి చాలు. గది చిన్నదైతే పెద్ద ఏసీ తీసుకోవద్దు, అది గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంతసేపు తిరగదు, గది చల్లగానూ జిడ్డుగానూ రెండూ ఉంటుంది. ఇన్వర్టర్ రకం అయితే నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి నయం. 2020 నుంచి వస్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 మీద ఉంటాయి, దాన్ని 26, 27కి పెంచి ఫ్యాను చిన్నగా వేసుకోండి. తేమ తగ్గితే 27 కూడా ఒంటికి చల్లగానే ఉంటుంది, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా మిగులుతుంది. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుళ్లు వేడి పెద్దగా ఉండదు కానీ ఉక్క చంపేస్తుంది చూడండి, అప్పుడు రిమోట్‌లో 'డ్రై' అని ఉండే మోడ్ వాడండి. ఏసీ వేసినప్పుడు కిటికీలు మూయాలి, కూలర్ వేసినప్పుడు తెరవాలి. రెండూ ఒకే గదిలో కలిపి వేసే మహానుభావులు కూడా ఉన్నారు, ఒకటి నీళ్లు పోస్తుంటే ఇంకొకటి తోడుతుంటుంది.

నాకేమైనా జబ్బా అన్నారు. పొడి వేడికి అలవాటుపడ్డ ఒళ్లు కొత్త వాతావరణానికి సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, వయసు పైబడితే ఇంకాస్త. ఉక్కలో ఊపిరాడనట్టుండి, గాలి తగిలితే తేలికపడితే అది ఉక్కే. కానీ చల్లని గదిలో కూడా చెమటలు, గుండెదడ ఉంటే థైరాయిడ్ చూపించుకోండి. మీ వయసులో ముట్లు ఆగే సమయంలో వచ్చే వేడి ఆవిర్లు కూడా ఇలాగే ఉంటాయి. ఛాతీలో నొప్పి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పొండి.

నాకు అసలు టెన్షన్ మీ గురించి కాదు, బావగారి గురించి. మీకు కష్టం తెలుస్తోంది కాబట్టి గాలికి జరుగుతారు, నీళ్లు తాగుతారు. వయసు మీద పడేకొద్దీ వేడి తెలియడం, దాహం వేయడం రెండూ తగ్గుతాయి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి చెమట కూడా సరిగా పట్టదు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లోంచి నీటిని, ఉప్పును మూత్రంలో పంపేసేవి ఉంటాయి. ఆయనకు ఉక్క తెలియకపోవడం గట్టితనమని ఆయన అనుకుంటున్నారు, ఒళ్లు హెచ్చరించడం మానేసిందేమో అని నేను అనుకుంటున్నాను. మాత్రలు సొంతంగా ఆపొద్దు, ఈ వేసవిలో డోసు మార్చాలా, రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చు అని ఆయన డాక్టర్‌ను అడగండి. దాహం వేసేదాకా ఆగకుండా ఇస్తుండండి, నీళ్లు, పల్చటి మజ్జిగ, రాగి అంబలి. మజ్జిగలో ఉప్పు బీపీ ఉన్నాయనకు చిటికెడు మించొద్దు. సుగంధి షర్బత్ మీరు తాగండి, షుగర్ ఉన్నాయనకు వద్దు.

వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిగా కాలిపోతుందని మనవాళ్లకు ఒక నమ్మకం. తీరంలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలొచ్చు. చూడాల్సింది మనిషి తీరు: మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, తూలడం, స్పృహ తప్పడం, ఒళ్లు కాలిపోవడం. అలా ఉంటే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ ఫ్యాను గట్టిగా పెట్టి, మెడకు, చంకల్లో ఐసు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు, అన్ని జిల్లాల్లోకీ ఎక్కువగా పోయింది ప్రకాశంలోనే. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది, మీ మండలం పేరు ఉన్న రోజు ఆయన్ను బజారుకు పంపకండి.

వానలు పడేదాకా ఊరెళ్లడం గురించి: ఏ వానలు అక్కా? జూన్‌లో టీవీలో చెప్పే రుతుపవనాలు కేరళకూ తెలంగాణకూ పండగ, మనకు నాలుగు చినుకులు. నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే. అంటే మీరు దసరా దాకా వెళ్లిపోవాలి, అప్పటిదాకా బాబును ఎవరు చూస్తారు? పైగా రోహిణి కార్తెలో ఉదయగిరి కూడా విహారస్థలమేమీ కాదు. అక్కడ చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు ఎంత తగ్గాయో తెలియదు, బావగారిలాంటి వాళ్లకు అదో ప్రమాదం. నా మాటైతే ఇక్కడే ఉండండి, ఒక గదిలో ఏసీ పెట్టించి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ముగ్గురూ అందులో ఉండండి, సాయంత్రం గాలి తిరిగాక డాబా ఎక్కండి.

బాబుకు వచ్చిన చెమటకాయలు, చెమట బయటికొచ్చే సన్నటి రంధ్రాలు మూసుకుపోవడం వల్ల వచ్చేవి. నూనె రాసి నలుగు పెట్టడం ఈ కొన్నాళ్లు మానండి, నూనె ఇంకా మూసేస్తుంది. పౌడరు కూడా మందంగా చల్లొద్దు, మెడ ముడతల్లో ముద్ద కడుతుంది, పిల్లాడు పీల్చితే ఊపిరితిత్తులకు మంచిది కాదు. రోజుకు రెండుసార్లు గోరువెచ్చకంటే తక్కువ వేడి నీళ్లతో పోసి, మెడ ముడతలు విప్పి మెత్తటి గుడ్డతో అద్ది, కాసేపు చొక్కా లేకుండా గాలికి వదిలేయండి. డైపరు ఇంట్లో ఉన్నంతసేపు తీసేయొచ్చు. ఒళ్లు ఆరి ఉంటే చాలావరకు కొద్ది రోజుల్లోనే తగ్గిపోతాయి. గింజల్లో చీము పట్టినా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టర్‌కు చూపించండి.